గాలిమోటారుకూ నేలే దిక్కు

'మీ తమ్ముడు విమానం నడుపుతాడంట కదా!'

మా ఊరికి వెళ్లినప్పుడల్లా ఈ మాట అడిగేవాళ్లు కనీసం ఇద్దరుంటారు. మార్కాపురం బస్టాండులో దిగి ఆటో ఎక్కేలోపే ఒకరు తగులుతారు. 'లేదండీ, వాడు నడపడు. ఎయిర్‌ఫోర్స్‌లో కింద పనిచేస్తాడు' అంటాను. 'ఓహో... కిందా?' అంటారు. విమానం కాస్తా బస్సయిపోయినంత నిరాశ ఆ గొంతులో.

మా అమ్మకు మాత్రం ఆ 'కింద' అనే మాటంటే ప్రాణం. వాడు ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఎవరైనా అడగడమే ఆలస్యం, 'మావాడు పైకి పోడమ్మా, కిందనే ఉంటాడు' అని తనే ముందు చెప్పేస్తుంది. కొడుకును అంత దూరం పంపిన తల్లి... ఆ ఒక్క మాట పట్టుకుని నిద్రపోతుంది.

ఆ మాటలో నిజమెంతో నాకు 2025 మే నెలలో తెలిసింది. తెలిసీ అమ్మకు చెప్పలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ నాలుగు రోజులూ...

మే 7. ఇంకా తెల్లవారలేదు. ఆఫీసు నుంచి ఫోను. పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మందిని బలి తీసుకున్న దాడికి జవాబుగా, అర్ధరాత్రి దాటాక మన బలగాలు తొమ్మిది ఉగ్రవాద స్థావరాలను దెబ్బతీశాయి. ఆపరేషన్ సిందూర్!

నేను ఫీచర్ల డెస్కులో మనిషిని. పండగలు, పిల్లల చదువులు, ఆవకాయలు... ఇవీ నా రాతలు. ఆ రోజు మాత్రం 'వైమానిక శక్తి అంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ అర్థమయ్యేట్టు ఒక పేజీ రాసివ్వు. మీ తమ్ముడున్నాడుగా' అన్నారు మా ఇన్‌ఛార్జి.

తమ్ముడున్నాడు. కానీ వాడి ఫోనే లేదు. 'అక్కా, కొన్నాళ్లు ఫోన్ చేయను. అమ్మను చూసుకో' అని ముందురోజు పెట్టిన మెసేజ్ తప్ప మా దగ్గర ఏమీ లేదు. ఏ ఊళ్లో ఉన్నాడో మేము అడగం, వాడు చెప్పడు. ఆ ఇంట్లో అది మొదట్నుంచీ ఉన్న నియమం.

చేసేదేముంది! పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. విమానానికి ఎంత బలముందో అంత బలహీనత కూడా ఉందని మొదటి గంటలోనే అర్థమైంది. ఓడ నెలల తరబడి నీళ్ల మీదే ఉండగలదు. సైనికుడు ఏళ్ల తరబడి ఒక కొండను కాపలా కాయగలడు. విమానం మాత్రం పైన ఉండలేదు. ఇంధనం అయిపోయేలోపు కిందికి దిగి తీరాలి. గాల్లో ఉంటే గద్ద. నేల మీద ఉంటే గూట్లో కోడి. అందుకే, విమానాన్ని దెబ్బ తీయాలనుకునేవాళ్లు అది ఎగిరేదాకా ఆగరు. 

1967 జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ చేసింది అదే. ఈజిప్టు విమానాలను బారులు తీరి ఉన్న చోటే కాల్చేసింది. సుమారు 300 విమానాలు ఒక్కరోజులో బూడిద. 1971 డిసెంబరు 3 సాయంత్రం పాకిస్థాన్ కూడా మన మీద యుద్ధాన్ని అట్లాగే మొదలుపెట్టింది. మొదటి బాంబులు పడింది పఠాన్‌కోట, అమృత్‌సర్ లాంటి చోట్ల మన వైమానిక స్థావరాల మీదే.

అంటే యుద్ధంలో ముందుగా గురి పెట్టేది ఎక్కడికి? 'కింద'కే!

ఆ వాక్యం టైపు చేస్తుండగా అమ్మ ఫోను.

'టీవీలో ఏందేందో చెప్తాండారు. మనోడు కిందనే గదా ఉండేది?'

'అవునమ్మా, కిందనే.'

'అయితే సరే' అని పెట్టేసింది. నా చేతులు కాసేపు కీబోర్డు మీదికి పోలేదు.

మే 8 రాత్రి 36 చోట్లకు 300 నుంచి 400 దాకా డ్రోన్లు వచ్చాయని మన ప్రభుత్వమే ప్రకటించింది. అమ్మ మళ్లీ అదే ప్రశ్న. నాదీ అదే జవాబు. మే 10 తెల్లవారుజాము నుంచి వైమానిక స్థావరాల పేర్లే వార్తలన్నీ. అవతల నూర్‌ఖాన్, రహీంయార్‌ఖాన్... ఇవతల ఉధంపూర్, పఠాన్‌కోట. ఆ రోజు ఉధంపూర్ స్థావరంలో సార్జెంట్ సురేంద్రకుమార్ మోగా అమరుడయ్యాడు. వైద్య సహాయకుడు. ఆయనా విమానం నడిపే మనిషి కాదు. 'కింద' మనిషే. 

ఆ వార్త డెస్కు మీదికి వచ్చినప్పుడు నేను లేచి బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చున్నాను. రాజస్థాన్‌లో ఒక తల్లికి ఆ ఫోను వెళ్లి ఉంటుంది. ఆమెకూ ఎవరో ఒకరు 'మీవాడు కిందనే గదా' అని చెప్పే ఉంటారు.

సాయంత్రం అయిదు గంటలకు కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. రాత్రి పొద్దుపోయాక ఇంటికి ఫోనొచ్చింది. అమ్మ మొదట అడిగింది 'తిన్నావా?' అని. వాడూ మొదట అడిగింది అదేనట.

అవ్వ పోసిన కంకర

దసరాకు వాడు సెలవు మీద వచ్చాడు. పండగ మర్నాడు నాయన 'దొనకొండ పోయొద్దాం పదండిరా' అన్నాడు. అమ్మ అరిసెల పనిలో ఉండి రానంది. నాయన, తమ్ముడు, నేను, ఎనిమిదేళ్ల మా అబ్బాయి బయల్దేరాం.

మా నాయన వాళ్లది దొనకొండ దగ్గర పల్లె. పలకల ఫ్యాక్టరీలో పని దొరికి మార్కాపురం వచ్చేశాడు. మా చిన్నప్పుడు ఇంటినిండా అంచు విరిగిన పలకలే. వాటి నిండా తమ్ముడు గీసిన విమానాలే. వాడికా పిచ్చి అంటించింది మా అవ్వ... నాయన తల్లి.

గుంటూరు-గుంతకల్లు రైలు మార్గంలో దొనకొండ ఒకప్పుడు దర్జాగల ఊరు. మీటరుగేజి రోజుల్లో ఇంజన్ల షెడ్డు, రైల్వే క్వార్టర్లతో కళకళలాడేది. బ్రాడ్‌గేజి వచ్చాక ఆ కళ తగ్గింది. ఊరికి ఇంకో సొత్తు కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల దారి. ప్రయాణంలో ఉన్న విమానాలు దిగి ఇంధనం పోయించుకోవడానికి తెల్లదొరలు వేయించారు. అక్కడివాళ్లు 'ఏరోడ్రం' అంటారు. రాష్ట్రం విడిపోయిన 2014లో 'రాజధాని దొనకొండకేనంట' అన్న ప్రచారం లేచినప్పుడు అందరికీ మళ్లీ గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్టు చేస్తారన్న మాట అంతకుముందూ విన్నాం, ఆ తర్వాతా వింటూనే ఉన్నాం.

అక్కడికి చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. చుట్టూ చిల్లకంప, మోకాటెత్తు గడ్డి. మేకలు మేస్తున్నాయి. తమ్ముడు వంగి, అరచేత్తో నేలను ఒకసారి తట్టి చూశాడు. 'ఏందిరా అది?' అన్నాడు నాయన. 'అలవాటు నాయనా' అని నవ్వాడు వాడు.

ఇక్కడ పని జరిగే రోజుల్లో మా అవ్వకు పదేళ్లు. వాళ్లమ్మ వెంట వచ్చి కంకర గంపలు మోసింది. ఎందుకు పోస్తున్నారో, ఎవరి మీద యుద్ధమో తెలియదు. కూలి దొరుకుతోంది, అంతే. ఓ రోజు గాలిమోటారు దిగిందని ఊరంతా గట్ల మీద నిలబడి చూశారట. అందరూ దాని రెక్కలు చూస్తుంటే అవ్వ మాత్రం చక్రాలు చూసింది. 'నేను పోసిన కంకర మీదనే దిగిందే! ఎంత పైకి పోతే ఏంది, ఆ గాలిమోటారుకు కూడా మా గంప కంకరే దిక్కయింది' అని పోయేదాకా చెప్పుకుని మురిసిపోయింది. మేము నవ్వేవాళ్లం.

మే నెలలో నేను చదివిన పుస్తకాలన్నీ కలిపి చెప్పింది కూడా ఆ మాటే. అవ్వ ఒక్క ముక్కలో చెప్పింది. అంతే తేడా.

దొనకొండలోనే ఎందుకు? ఆ రోజులు గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మద్రాసు నుంచి జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. ఆనాటి విమానాలు ఒక్క బిగిన ఎక్కువ దూరం పోలేవు. మధ్యలో దిగడానికి, తాగడానికి తావులు కావాలి. తీరానికి దూరంగా, రైలుకు దగ్గరగా ఉన్న చదును నేల ఎవరి కంటికైనా ఆనుతుంది కదా!

నాలుగు గీతలు

మావాడికి ఆగలేదు. 'మామా, యుద్ధ విమానం ఏమేం చేస్తుంది?'

తమ్ముడు ఓ చిల్లకంప పుల్ల విరిచి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నేను పేజీ నిండా రాసినదాన్ని వాడు పది నిమిషాల్లో మట్టిలో గీసి చూపించాడు.

'ముందు దానికున్న బలమేందో చెప్తా. ఎత్తు, వేగం, దూరం. ఈ మూడే. నల్లమల ఘాట్‌లో ఒక లారీ అడ్డం పడితే గిద్దలూరు-నంద్యాల బస్సులు గంటలకొద్దీ ఆగిపోతాయి. విమానానికి ఘాటూ లేదు, లారీ లేదు. పైకి పోతే కంభం చెరువు మొత్తం నీ చేతిలో పలకంత కనపడుతుంది. గిద్దలూరు నుంచి మార్కాపురానికి బస్సులో ఎంతసేపు? గంటకు పైనే. ఫైటర్‌కు నాలుగు నిమిషాలు చాలు. పొద్దున ఒక దిక్కున ఉన్నది, మధ్యాహ్నానికి దేశానికి ఆ చివర ఉండొచ్చు. సైన్యంలో ఇంకెవరికీ ఆ వీలు లేదు.'

'ఇంక పనులు నాలుగు' అని నాలుగు గీతలు గీశాడు.

మొదటి గీత... మన ఆకాశం మన చేతిలో ఉంచుకోవడం. అన్నిటికన్నా ముందు ఇదే. ఇంటికి కప్పు లేకపోతే లోపల ఏ పనీ సాగనట్టే, నెత్తిన శత్రు విమానం తిరుగుతుంటే కింద సైన్యం కదలదు, ఓడ కదలదు, రైలు కదలదు. 1942లో విశాఖకు ఆ కప్పు లేకనే బాంబులు పడ్డాయి. ఇప్పుడు కప్పు కాయడానికి ఫైటర్లతో పాటు రాడార్లు, కింది నుంచి వదిలే క్షిపణులు ఉన్నాయి. 2025 మేలో పేరు మోగిన ఆకాశ్ క్షిపణిని తయారుచేసేది హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్. 2023 డిసెంబరులో ఒకే ఆకాశ్ దళం ఒకేసారి నాలుగు లక్ష్యాలను కొట్టి చూపించింది మన బాపట్ల దగ్గర సూర్యలంకలోనే.

రెండో గీత... దాడి. 1999లో కార్గిల్ కొండల మీద పైన శత్రువు, కింద మనవాళ్లు. ఎక్కేవాడికి ప్రతి అడుగూ ప్రాణగండమే. ఆ జూన్‌లో మిరాజ్-2000 విమానాలు టైగర్ హిల్ మీద శత్రువు గుడారాలను లేజర్ గురితో కొట్టాయి. నియంత్రణ రేఖ దాటొద్దన్న ఆజ్ఞ ఉంది కాబట్టి, ఇరుకు దారిలో తిరుగుతూనే కొట్టాల్సి వచ్చింది. అయినా కొండను స్వాధీనం చేసుకుంది మాత్రం కాళ్లతో ఎక్కిన సైనికులే. 'విమానం తలుపు తెరిచిపెడుతుంది అక్కా, లోపలికి పోయి కూర్చునేది జవాన్లే' అన్నాడు వాడు.

మూడో గీత... మోత. 1947 అక్టోబరు 27న డకోటా విమానాలు సిక్కు రెజిమెంటు జవాన్లను శ్రీనగర్‌లో దించకపోయి ఉంటే కశ్మీర్ కథ వేరేగా ఉండేది. బరువు మాత్రం ఎక్కువ మోయలేదు. మన ఏఎన్-32 మోసేది దాదాపు ఏడు టన్నులు, అంటే మన రోడ్డు మీద పోయే ఒక లారీ సరుకు. గూడ్సు బండితో పోలిస్తే ఏ మూలకు! కానీ లారీ పోలేని చోటికి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు మేడల మీద నిలబడినవాళ్లకు అన్నం పొట్లాలు పడింది హెలికాప్టర్ల నుంచే.

నాలుగో గీత... చూడటం. ఇది గీయగానే నాయన 'రాజశేఖరరెడ్డి' అన్నాడు.

నిజమే. 2009 సెప్టెంబరు 2. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. ముఖ్యమంత్రి హెలికాప్టర్ నల్లమల మీద కనపడకుండా పోయింది. మా పడమటి నల్లమలే... ఊరు ఊరంతా టీవీల ముందు. వైమానిక దళం హెలికాప్టర్లు, సుఖోయ్-30, ఇస్రో ఉపగ్రహం, అడవిలో నడిచి వెతికిన పోలీసులు, చెంచులు. వాన, మబ్బు, చీకటి. రాత్రంతా దేశం దగ్గర ఉన్న కళ్లన్నీ ఆ అడవి మీదే ఉన్నా దొరకలేదు. మర్నాడు పొద్దున మబ్బు విడిచాక పావురాలగుట్ట మీద వైమానిక దళం హెలికాప్టర్‌కే శిథిలాలు కనపడ్డాయి. పైనుంచి చూసే కంటికి ఎంత బలముందో, ఒక్క మబ్బు తెర ముందు అదెంత నిస్సహాయమో ఆ రాత్రి మా ప్రాంతంవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో.

మరి నువ్వేం చేస్తావు?

'మరి నువ్వేం చేస్తావు మామా?' అన్నాడు మావాడు.

'నేనా? విమానం దిగుతుంది. దాని ఒళ్లంతా తడిమి చూస్తాం. ఇంధనం పోస్తాం. బాగు చేసేదుంటే చేస్తాం. మళ్లీ పైకి పంపిస్తాం.'

'అంతేనా?'

'అంతే. కానీ ఒక లెక్క చెయ్. పది విమానాలున్నాయి. రోజుకు రెండుసార్లు ఎగిరితే ఎన్నిసార్లు?'

'ఇరవై.'

'నాలుగుసార్లు ఎగిరితే?'

'నలభై.'

'కొత్త విమానం ఒక్కటి కొనకుండా ఇరవైని నలభై చేసేది మేమేరా.'

వాడి ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. మార్కాపురం బస్టాండులో 'ఓహో... కిందా?' అన్నవాళ్లందరినీ అక్కడికి తెచ్చి నిలబెట్టాలనిపించింది.

నాయన మాత్రం నవ్వలేదు. నేల మీది గీతల వంకే చూస్తూ అడిగాడు.

'ఈ లెక్క అవతలోడికి కూడా తెలుసు గదరా?'

తమ్ముడు పుల్ల కింద పెట్టాడు. నా వంక చూశాడు. 'తెలుసు నాయనా' అన్నాడు మెల్లగా.

మే నెల గురించి అంతకుమించి వాడొక్క మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. కాసేపాగి వాడే భుజ్ సంగతి ఎత్తుకున్నాడు. 1971 డిసెంబరులో గుజరాత్‌లోని భుజ్ స్థావరం మీద పాకిస్థాన్ విమానాలు మళ్లీ మళ్లీ బాంబులు వేశాయి. రన్‌వే గుంతలమయం. విమానాలున్నాయి, పైలట్లున్నారు, ఎగరడానికి నేల లేదు. పక్కనున్న మాధాపర్ ఊరి ఆడవాళ్లు సుమారు 300 మంది వచ్చారు. సైరన్ మోగితే పొదల్లోకి పరుగెత్తి, ఆగగానే మళ్లీ తట్టలెత్తి, 72 గంటల్లో రన్‌వేను పూడ్చి పెట్టారు.

'అమ్మలాంటోళ్లే' అన్నాడు నాయన. తల్లిని తలుచుకుని ఆయన గొంతు జీరపోవడం చాలా ఏళ్ల తర్వాత విన్నాను.

ఇప్పుడు ఒక రన్‌వేనే నమ్ముకోవడం లేదు. అద్దంకి దగ్గర కొరిశపాడు-రేణంగివరం మధ్య మన జాతీయ రహదారినే 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున విమానాల దారిగా వేశారు. 2022 డిసెంబరు 29న తొలి పరీక్ష జరిగింది. 2024 మార్చి 18న మళ్లీ జరిగినప్పుడు సుఖోయ్‌లు తక్కువ ఎత్తులో దూసుకుపోతే, ఏఎన్-32, డోర్నియర్ విమానాలు రోడ్డు మీద దిగి మళ్లీ ఎగిరాయి. శత్రువు ఒక దారి మూస్తే ఇంకో దారి ఉండాలన్నదే ఆలోచన. 1940ల్లో దొనకొండ, ఇప్పుడు అద్దంకి. మధ్యలో విమానం ఎంత మారిందో చెప్పలేం. డ్రోన్లొచ్చాక లోపల మనిషి కూడా అక్కర్లేదు. కానీ దాన్ని సిద్ధం చేసి పంపడానికి కింద ఒక తావు, ఆ తావులో ఒక మనిషి ఇంకా కావాలి.

వచ్చేముందు మావాడు మట్టిలోంచి ఒక కంకరరాయి ఏరి జేబులో వేసుకున్నాడు. అది అవ్వ పోసిందో కాదో ఎవరు చెప్పగలరు! 'తీసుకోనీలే' అన్నాడు నాయన.

ఇంటికొచ్చేసరికి అమ్మ అరిసెలు వత్తుతోంది. 'ఏం చూశార్రా ఆ కంపలో అంతసేపు?' అంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 'ఏముంది, మేకలు' అన్నాడు తమ్ముడు.

ఆ తర్వాత వారానికి వాడు వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర అమ్మ వాడికి చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. 'పైకి పోబాక.' వాడి జవాబూ ఒకటే. 'పోనులేమ్మా.'

ఆదివారం పేపరు రాగానే మా అమ్మ ముందుగా తీసేది ఈ పుస్తకమే. కళ్లజోడు పెట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని, నా పేరున్న పేజీ వెతుక్కుని చదువుతుంది. ఈ వారమూ చదువుతుంది. ఎదురుగా నిలబడి చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అమ్మా, ఆ నాలుగు రోజులూ నువ్వడిగిన ప్రతిసారీ 'కిందనే' అన్నాను. అది అబద్ధం కాదు. కానీ కింద ఉంటే భయం లేదన్న నీ నమ్మకాన్ని సరిదిద్దలేదు. వాడు నిలబడేది చెట్టు నీడ కాదమ్మా. విమానం ఎగరాలన్నా, దిగాలన్నా, మన ఆకాశం మనది కావాలన్నా అన్నిటికీ ఆధారమైన చోటు. ఎవరైనా ముందు గురి పెట్టేదీ ఆ చోటుకే. వాడికది తెలుసు. నాయనకూ తెలుసు. నీకు మాత్రమే చెప్పకుండా ఉంచాం.

ఇంక ఇరుగుపొరుగువాళ్లు అడిగితే నువ్వు ఏం చెప్పుకున్నా సరే. ఒక్కటి మాత్రం మార్చు. ఇన్నాళ్లూ 'కిందనే ఉంటాడు' అని కాస్త గొంతు తగ్గించి చెప్పేదానివి. ఇక నుంచి గట్టిగా చెప్పు.

చదివాక ఫోన్ చెయ్. తిట్టేదుంటే తిట్టు. ఈసారి ఏమడిగినా మొత్తం చెప్తాను.